కంప్యూటర్లకు కన్నము పడుటకు కారణములేమి?



నల్లచెరువు వంటి పల్లెలయందును నేడు రైతు అడంగలు, ముదుసలి పింఛను, బియ్యపు కార్డు, బ్యాంకులోని సొమ్ము, అన్నియు కంప్యూటర్లలోనే నమోదగుచున్నవి. తలుపు విరువక, గోడకు కన్నము వేయక, ఎక్కడనో కూర్చుండి వీనిని అపహరించు దొంగలును బయలుదేరిరి. ఇన్ని లెక్కలు కట్టగల యంత్రము దొంగకు లొంగుటకు కారణమేమి? ముఖ్యకారణములు మూడు గలవు.

మొదటిది, యంత్రమును నడుపు ప్రోగ్రాములలోని లోపములు. ప్రోగ్రాము అనగా కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగా వ్రాసియుంచిన ఆజ్ఞల పట్టిక. పెద్ద ప్రోగ్రాములలో నిట్టి పంక్తులు లక్షల కొలది యుండును. వానిని వ్రాయువారు మనుష్యులే గనుక ఎచటనో యొక పొరపాటు మిగిలియుండును. చెరువుకట్టలోని ఎండ్రకాయ బొరియ నీరు తక్కువగా నున్నపుడు కంటబడదు. చెరువు నిండిన రాత్రి అదియే గండి యగును. ఇదియు నట్టిదే. లోపము బయటపడినపుడు ప్రోగ్రామును తయారుచేసినవారు దానిని పూడ్చు సవరణను పంపుదురు. ఆ సవరణను చేర్చుకొననివారి యంత్రములలో బొరియ యట్లే నిలిచియుండును.

రెండవది, యంత్రముల పరస్పర సంబంధము. 2017వ సంవత్సరము మే 12వ తేదీన వాన్నాక్రై యను దుష్ట ప్రోగ్రాము లోకముపై బడెను. అది యొక కంప్యూటరులో దూరి, మనుష్యుని చేయి తగులకయే తంతి వెంబడి వేరొక కంప్యూటరునకు ప్రాకును. అందలి దస్త్రములకు తాళము వేసి, తీయుటకు 300 డాలర్లు ఇమ్మని కోరును. కొలది దినములలో 150 దేశములలో 2 లక్షలకు పైగా యంత్రములు దాని వాతబడెను. ఇంగ్లండు ఆసుపత్రులలో చికిత్సలు ఆగిపోయెను. మన రాష్ట్రమున చిత్తూరు, గుంటూరు మున్నగు జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని, తిరుమల తిరుపతి దేవస్థానమువారివి కొన్ని దానికి చిక్కెను. ఆ బొరియను పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండెను. మందు వచ్చియు సేవింపని యంత్రములే ఎక్కువగా రోగము పాలయ్యెను.

మూడవది, మనుష్యుని నమ్మకము. రహస్యపదము అడుగుచోట కంప్యూటరు మనిషి మొగము చూడదు. రహస్యపదము సరిపోయినచో వచ్చినవాడే యజమాని యని యెంచును. కావున దొంగ యంత్రముతో పోరుట మాని మనుష్యునే మోసగించును. హైదరాబాదులోని ఏ.పీ. మహేశ్ సహకార బ్యాంకు ఉద్యోగులకు 2021 నవంబరులో మోసపు ఈ-మెయిళ్లు వచ్చెను. వానిని తెరచుటతో నొక ప్రోగ్రాము గుట్టుగా లోనికి జొచ్చెను. 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము వందకు మించిన ఖాతాలకు తరలిపోయెను. రక్షణ విషయమున అశ్రద్ధకు గాను రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయల జరిమానా విధించెను.

పెద్దలారా, మీ చేతి ఫోనును కంప్యూటరే. సవరణ వచ్చినపుడు వాయిదా వేయక చేర్చించుకొనుడు. బ్యాంకువారమని యెవరు పిలిచినను ఓటీపీ అంకెలు చెప్పకుడు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక తక్షణమే 1930కు ఫోను చేయుడు. ఆలస్యము కాకున్న ఆ సొమ్మును దారిలోనే నిలుపుటకు వీలుండును. చెరువునకు నీరుగంటి యున్నను, కట్టపై నడచు ప్రతివాడును బొరియలను కనిపెట్టియుండుట ఊరి ధర్మము. కంప్యూటర్ల విషయమునను అంతియే.