తక్కువ ఖర్చుతో సంస్థ వెబ్‌సైట్: ఎలా తయారవుతుంది?



జకాత్, సదఖా, విద్యార్థుల సహాయ నిధి: దేనికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది మీరు ఏటా ఈ సావనీర్‌లో చూస్తున్నారు. చోడవరం విడిచి దూర ప్రాంతాల్లో స్థిరపడిన మనవారికీ ఆ లెక్క కనబడాలి. అందుకు వెబ్‌సైట్ కావాలి. అయితే దాని కోసం నెలనెలా దాతల సొమ్ము ఖర్చు కాకూడదు. ఈ రెండూ కుదిరే పద్ధతి ‘స్టాటిక్ సైట్ జనరేటర్’.

చాలా వెబ్‌సైట్లలో సమాచారం డేటాబేస్‌లో ఉంటుంది. ఎవరు తెరిచినా సర్వర్ అందులోంచి తీసి, పేజీని అప్పటికప్పుడు కూర్చి ఇస్తుంది. దానికి సర్వర్ అద్దె, తరచూ అప్‌డేట్లు తప్పవు. స్టాటిక్ పద్ధతిలో పేజీలు ముందే తయారై ఉంటాయి. సర్వర్ వాటిని అందిస్తుంది, అంతే. 2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో ఇందుకు పనికొచ్చే ఉచిత ప్రోగ్రాములు.

మన రసీదు పుస్తకమే చూడండి. సంస్థ పేరు, చిరునామా ముందే అచ్చయి ఉంటాయి. తేదీ, మొత్తం మనం రాస్తాం. అచ్చయిన భాగం లాంటిది టెంప్లేట్. మనం రాసే భాగం లాంటిది మార్క్‌డౌన్ ఫైలు. ఫోన్ నంబరు మారితే టెంప్లేట్‌లో ఒక్కచోట దిద్ది, ప్రోగ్రాము మళ్లీ నడిపితే అన్ని పేజీల్లోనూ మారిపోతుంది.

మార్క్‌డౌన్‌ను జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేశారు. వరుస మొదట్లో హ్యాష్ గుర్తు, ఒక ఖాళీ పెడితే అది శీర్షిక అవుతుంది. చిన్న అడ్డగీత, ఖాళీ పెడితే జాబితా అవుతుంది. నోట్‌ప్యాడ్‌లోనే రాసుకోవచ్చు.

పని వరుస ఇది:

1. కంప్యూటర్‌లో హ్యూగో ఇన్‌స్టాల్ చేసి, సైట్ ఫోల్డర్ తయారు చేయాలి.
2. ‘లేఅవుట్స్’ ఫోల్డర్‌లో టెంప్లేట్లు, ‘కంటెంట్’ ఫోల్డర్‌లో మార్క్‌డౌన్ ఫైళ్లు ఉంచాలి. ప్రతి ఫైలు పైన శీర్షిక, తేదీ రాయాలి.
3. ‘హ్యూగో సర్వర్’ ఆదేశం ఇచ్చి, పేజీలను ముందు మన కంప్యూటర్‌లోనే సరిచూసుకోవాలి.
4. ‘హ్యూగో’ ఆదేశంతో పేజీలు ‘పబ్లిక్’ ఫోల్డర్‌లో తయారవుతాయి. వాటిని గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టవచ్చు. సొంత పేరుతో చిరునామా కావాలంటే దానికి మాత్రం ఏటా రుసుము కట్టాలి.

రెండు జాగ్రత్తలు. అచ్చు కోసం అను ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగును అలాగే కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చి, అంకెలతో సహా చదివి సరిచూడాలి.

రెండోది ఇంకా ముఖ్యం. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ఇలా పెట్టాలంటే ఫైళ్లు అందరికీ కనబడేలా ఉంచాలి. తరువాత ఒక పేరు చెరిపేసినా పాత ప్రతిలో అది మిగిలే ఉంటుంది. కనుక సహాయం అందుకున్నవారి పేర్లు, ఫొటోలు, జబ్బుల వివరాలు మొదటి నుంచే ఆ ఫైళ్లలో చేరకూడదు. ఎందరికి, దేనికి, ఎంత అన్నది చాలు. లెక్క బయట ఉండాలి, తీసుకున్నవారి గౌరవం కాపాడబడాలి.

ఇవి మామూలు అక్షరాల ఫైళ్లు కనుక పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి ఉంచుకుంటే, రేపు వేరేచోటికి మార్చుకోవడమూ సులువే. మీ ఇళ్లలో కంప్యూటర్ తెలిసిన యువతీయువకులు నెలకు ఒక పూట ఈ పనికి ఇస్తే, అదీ విరాళమే. ఇన్షా అల్లాహ్, వారి సాయంతో ఈ పని సాగుతుంది.