కిడ్నీ ఊళ్లలో గుండె మాట

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పలకరింపుల్లో కలిసిపోయి చాలాకాలమైంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఏ ఊళ్లోనైనా రిపోర్టు చేతికి రాగానే కళ్లు ముందు ఆ అంకె మీదే పడతాయి. పడాల్సిందే. అయితే కిడ్నీ చెడినవాళ్లలో చాలామందిని డయాలసిస్ దాకా రానివ్వకుండానే గుండెజబ్బు తీసుకుపోతుంది. ఆ సంగతి మాట్లాడేవాళ్లే తక్కువ.

కొవ్వు పేరుకుని రక్తనాళం మూసుకుపోతుందని మనకు తెలుసు. అది సగం కథే. పలాస జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూడండి. తొక్కలోని నూనె తగిలినచోట చర్మం ఎర్రబడి, మండి, పొక్కిపోతుంది. నాళం లోపలి పొరలోనూ అలాంటి వాపే పుడుతుంది, కాకపోతే కంటికి కనపడదు, నొప్పీ తెలియదు. పొగాకు, బీపీ, షుగర్, పాడైన కిడ్నీ బయటికి పంపలేని మలినాలు ఆ పొరను దెబ్బతీస్తాయి. చెడు కొలెస్ట్రాల్ అందులోకి దిగుతుంది. దాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన తెల్లకణాలు తిన్నంత తిని అక్కడే చచ్చి పోగుపడతాయి. ఆ పోగు మీది పొర పలచబడి పగిలిందంటే రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. అదే గుండెపోటు. కిడ్నీ రోగులకైతే ఫాస్ఫరస్ పెరిగి, నాళం గోడల్లో కాల్షియం చేరి అవి మరింత గట్టిపడతాయి.

జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్దంలోనే ఈ వాపును గుర్తించాడు. గట్టి రుజువు మాత్రం 2017లో దొరికింది. గుండెపోటు వచ్చి బతికిన 10 వేల మందికి పైగా పాల్గొన్న ‘కాంటోస్’ పరీక్షలో, కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపును మాత్రమే తగ్గించే ఇంజెక్షన్‌తో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి దాదాపు 15 శాతం తగ్గాయి. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. గౌట్ అనే కీళ్లజబ్బుకు వాడే చవక మందు కోల్చిసిన్‌ను గుండెకు వాడుకోవచ్చని 2023లో అమెరికా అనుమతించింది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు అది పనికిరాదు. ఉద్దానం అదృష్టం అలా ఉంది!

వాపు తగ్గించే బిళ్లలు మందుల షాపులో దొరుకుతాయి కదా అంటారేమో. కొబ్బరిచెట్లెక్కి దిగే మనిషి ఒళ్లునొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్ర నాళాలను కాపాడదు సరికదా, గుండెపోటు ముప్పును పెంచుతుంది, కిడ్నీనీ దెబ్బతీస్తుంది. పొగ సంగతికొస్తే, ఈ జిల్లాలో కొందరు ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగతో అంగిలి క్యాన్సర్ వస్తుందని అందరూ హెచ్చరిస్తారు. ఆ పొగ రక్తనాళాలనూ వదలదు.

పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అక్కడికెళ్లినా, ఇంకెక్కడికెళ్లినా క్రియాటినిన్‌తో సరిపెట్టుకోకండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఎంతున్నాయో, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అవసరమో కాదో డాక్టరును అడగండి. డయాలసిస్‌లో పడ్డాక ఆ మాత్ర కొత్తగా మొదలుపెడితే పెద్దగా ఫలితం లేదని పరీక్షల్లో తేలింది. అడగాల్సింది అంతకుముందే.