ఎదిగే వయస్సులో వెన్నెముక ఒరిగితే...

ఆడపిల్లకు తలదువ్వి జడ అల్లే తల్లి కంటికి చాలా విషయాలు తెలుస్తాయి. పన్నెండు పదమూడేళ్ల కుమార్తె వెనుక కూర్చున్నప్పుడు ఒక భుజం రెండవదాని కన్న కాస్త ఎత్తుగా ఉన్నట్లు, ఒక వైపు వీపు పలక ఉబ్బెత్తుగా ఉన్నట్లు కనిపించవచ్చు. పరికిణీ అంచు ఒక వైపు పైకి లేస్తున్నదని దర్జీ చెప్పవచ్చు. వైద్యునికి చూపిస్తే ఎక్స్‌రే తీయించి, "వెన్నెముకలో స్వల్పమైన వంకర ఉన్నది. పద్ధెనిమిది డిగ్రీలు. ప్రస్తుతం మందేమీ అక్కరలేదు. నాలుగు నెలల తరువాత మళ్లీ రండి" అని పంపివేస్తాడు.

జగ్గయ్యపేట సమీపంలోని చిల్లకల్లు వంటి ఊరిలో ఈ మాట విన్న కుటుంబాన్ని ఊహించండి. "మందే లేదన్నారు కనుక జబ్బే లేదు" అని తండ్రి కాగితాలు బీరువాలో పెట్టేస్తాడు. "నాలుగు వారాలు గట్టిగా తైలమర్దనం చేయిస్తే అదే సర్దుకుంటుంది" అని నాయనమ్మ అంటుంది. "నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయి?" అని తల్లి లోలోపల కుమిలిపోతుంది. ముగ్గురూ పిల్ల మేలు కోరేవారే. కాని ముగ్గురి ఆలోచనా పిల్లకు నష్టం కలిగించేదే. ఎందువలననో చూద్దాం.

ఈ వంకర ఏమిటి?

మన వెన్నెముకను ప్రక్క నుండి చూస్తే సహజమైన వంపులు ఉంటాయి. వెనుక నుండి చూస్తే మాత్రం నిటారుగా కనిపించవలెను. అలా కాక ప్రక్కకు ఒరిగి, దానితోపాటు పూసలు కొంత మెలి తిరగడాన్ని స్కోలియోసిస్ అంటారు. ఎక్స్‌రే మీద ఈ ఒంపును డిగ్రీలలో కొలిచే పద్ధతిని అమెరికా వైద్యుడు జాన్ కాబ్ 1948లో వివరించాడు. అందువలన దీనిని కాబ్ కోణం అంటారు. పది డిగ్రీలు, అంతకు మించితేనే దీనిని స్కోలియోసిస్‌గా లెక్కిస్తారు. కౌమార వయస్సులో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇది కనిపిస్తుంది. స్వల్పమైన వంకరలు బాలబాలికలలో ఇంచుమించు సమానంగానే ఉన్నా, పెరిగి పెద్దవయ్యేవి బాలికలలోనే చాలా ఎక్కువ.

చరక సంహిత కుబ్జత్వాన్ని ఎనుబది వాత వికారాలలో ఒకటిగా పేర్కొన్నది. అంటే వెన్ను వంగిపోవడం మన పూర్వులకు తెలియనిది కాదు. అయితే ఎక్స్‌రే లేని ఆ కాలంలో పైకి కనిపించని స్వల్పమైన ఒంపును కొలిచే వీలు లేదు. ఈనాడు ఆ వీలు ఉన్నది. దానిని వినియోగించుకొనడమే వివేకం.

ఎవరి తప్పూ కాదు

ఈ వయస్సులో వచ్చే వంకరలలో అత్యధికం ఫలానా కారణమని చెప్పలేనివే. కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. పుస్తకాల సంచి ఒకే భుజానికి తగిలించడం, చంకన బిందె మోయడం, వంగి కూర్చుని చదవడం వలన ఇది రాదు. కనుక "నిటారుగా కూర్చోమంటే విన్నావా?" అని పిల్లను నిందించరాదు.

నీటిలోని ఫ్లోరిన్ వలన వచ్చిందేమోనని కూడా కొందరు భయపడతారు. మన తెలుగునాట ఈ భయం అకారణమైనది కాదు. నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరిన్ వలన ఎముకలు బిగుసుకుపోయిన వారిని గురించి 1937లోనే వైద్యులు ప్రకటించారు. నల్లగొండ జిల్లా పడిన బాధ అందరికీ తెలిసినదే. కాని అది వేరు, ఇది వేరు. ఫ్లోరోసిస్‌లో ఎముకలు గట్టిపడి కీళ్లు బిగుస్తాయి. స్కోలియోసిస్‌లో ఎముక ఆరోగ్యంగానే ఉండి, ఎదుగుదలలో ప్రక్కకు ఒరుగుతుంది.

"మళ్లీ రండి" అన్న మాటే చికిత్స

వంకర పెరిగేది పిల్ల ఎత్తు వేగంగా పెరిగే కాలంలోనే. బాలికలకు రజస్వల కావడానికి ముందు కొద్ది నెలలు అత్యంత కీలకమైనవి. రజస్వల అయిన తరువాత సుమారు రెండేళ్లకు ఎదుగుదల చాలావరకు ముగుస్తుంది. ఆ లోపల కనిపెట్టి ఉండడమే అసలు పని.

సాధారణంగా 25 డిగ్రీల లోపు వంకరకు నాలుగు నుండి ఆరు నెలలకు ఒకసారి పరీక్ష చాలు. ఇంకా ఎదుగుతున్న పిల్లలకు 25 దాటితే నడుముకు తొడిగే బ్రేస్ అవసరమవుతుంది. 45, 50 డిగ్రీలు మించితే శస్త్రచికిత్స ఆలోచిస్తారు. కొలతలో అయిదు డిగ్రీల వరకు తేడా రావడం సహజం. పద్ధెనిమిది ఇరవై అయినంతనే బెంగపడరాదు. పాత ఎక్స్‌రేలను పారవేయక భద్రపరచి, ప్రతిసారీ వెంట తీసుకొని వెళ్లవలెను. పోల్చి చూడనిదే కొత్త కొలతకు అర్థం లేదు.

బ్రేస్ పని చేస్తుందా అనే సందేహానికి 2013లో సమాధానం దొరికింది. అమెరికా, కెనడాలలో 10 నుండి 15 ఏళ్ల పిల్లలపై జరిగిన అధ్యయనంలో, బ్రేస్ ధరించినవారిలో నూటికి 72 మందికి వంకర శస్త్రచికిత్స స్థాయికి చేరలేదు. ధరించనివారిలో ఆ సంఖ్య 48. రోజుకు 13 గంటలకు తగ్గకుండా ధరించినవారిలో నూటికి 90 మందికి పైగా ఫలితం కలిగింది. "మందు లేదు" అని కాగితాలు బీరువాలో పెట్టినవారు పోగొట్టుకొనేది ఈ అవకాశాన్నే. ఎదుగుదల ముగిసిన తరువాత బ్రేస్ తొడిగి ప్రయోజనం లేదు.

ఇంటిలో చేయదగినవి

గోరువెచ్చని నువ్వుల నూనెతో మృదువైన అభ్యంగనం అలసిన కండరాలకు హాయినిస్తుంది, నిద్ర పట్టిస్తుంది. అంతవరకే దాని పని. ఒరిగిన పూసలను అది నిలబెట్టదు. వెన్ను మీద కాలితో తొక్కించడం, విరుపులు తీయించడం ఎంతమాత్రం చేయరాదు. పుత్తూరు కట్టు వంటివి విరిగిన ఎముకకు వేసేవి. ఇక్కడ ఎముక విరగలేదు. బ్రేస్ ధరించే పిల్లలకు నూనె పూసి వెంటనే తొడగరాదు, చర్మం మెత్తబడి పుండ్లు పడతాయి. స్నానం చేసి, ఒళ్లు ఆరిన తరువాత పలుచని నూలు బనియను మీద తొడగవలెను. మన వేసవిలో చెమటకు తడిసిన బనియను వెంటనే మార్చవలెను.

రాగి జావ, నువ్వుల ఉండలు, మునగాకు, పాలు, పెరుగు ఎదిగే ఎముకకు బలం. రాగులలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. ఇవి వంకరను తగ్గించవు, కాని ఎదిగే ప్రతి బిడ్డకూ అవసరమే. ఆటలు, ఈత, తేలికపాటి యోగాసనాలు మానరాదు. స్కోలియోసిస్ కొరకు ప్రత్యేకించిన వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకొని చేయవచ్చు.

నెలకు ఒకసారి ఎత్తు కొలిచి వ్రాసి ఉంచండి. రెండు అరచేతులు జోడించి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమని చెప్పి వెనుక నుండి చూడండి. వీపు ఒక వైపు మునుపటి కన్న ఎత్తుగా కనిపిస్తే గడువు వరకు ఆగక వైద్యుని కలవండి. రాత్రి నిద్ర నుండి లేపే నొప్పి, కాళ్లలో తిమ్మిరి లేక బలహీనత, మలమూత్రాలపై అదుపు తప్పడం ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు.

దాచవలసినది కాదు

పెళ్లి గురించి తల్లి బెంగకు కూడా సమాధానం ఉన్నది. ఎదుగుదల ముగిసేసరికి 30 డిగ్రీల లోపు ఉన్న వంకర ఆ పైన పెరగడం అరుదు. అది గర్భధారణకు, ప్రసవానికి అడ్డు రాదు. అమెరికాలోని అయోవాలో చికిత్స లేకుండానే యాభై ఏళ్లు గడిపినవారిని పరిశీలించి 2003లో ప్రకటించిన అధ్యయనంలో, వారికి నడుమునొప్పి కొంత ఎక్కువగా ఉన్నా, అందరివలెనే పనులు చేసుకొంటూ జీవించారని తేలింది. 2009లో నూరు మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తిన ఉసేన్ బోల్ట్‌కు కూడా స్కోలియోసిస్ ఉన్నది.

ఇంటిలో గుసగుసలు వినే పిల్ల తన శరీరమే తప్పు చేసిందనుకొంటుంది. బ్రేస్ ఇస్తే సిగ్గుతో తీసి దాచిపెడుతుంది. అందుకే ఎక్స్‌రేను పిల్లకే చూపించి, "ఇదిగో ఇంత ఒరిగింది, మళ్లీ సంక్రాంతికి చూద్దాం" అని సూటిగా చెప్పండి. కాగితాలను బీరువాలో కాక, క్యాలెండరు ప్రక్కన ఉంచండి. తదుపరి పరీక్ష తేదీని ఆ పిల్ల చేతనే క్యాలెండరులో వ్రాయించండి.