గిరాకీ మళ్లీ రావాలె

సూర్యాపేట నుంచి అర్వపల్లి, తిరుమలగిరి మీదుగా జనగామ చేరిన రోడ్డు అక్కడ ఆగదు, చేర్యాల దాకా పోతుంది. నెల జీతం ఎరగకుండా, కుంచెనే నమ్ముకుని తరాల తరబడి బతికిన నకాషీ చిత్రకారుల ఊరది. ఈ కాలం కుర్రాళ్లు ఫ్రీలాన్సింగ్ అంటున్న పని వాళ్లకు ఇంటి విద్య.

వాళ్ల గిరాకీ, బట్ట మీద వేసిన బొమ్మల పటం చూపిస్తూ కథ చెప్పేవాళ్లే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగల వాళ్లు. ఏ కులం కథ ఆ కులానిదే, ఏ కథ పటం ఆ కథదే. పటం నలిగి రంగు వెలిస్తే పాతదాన్ని పద్ధతి ప్రకారం నీళ్లలో వదిలి, కొత్తదాని కోసం మళ్లీ నకాషీ గడప తొక్కేవారు. ఎవరికి ఏ కథ కావాలో, అందులో ఏ ఘట్టం వదలకూడదో చిత్రకారుడికి కంఠతా వచ్చు. అసలు పెట్టుబడి అదే.

పని మాత్రం తొందరపడితే అయ్యేది కాదు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంక కలిపి పూస్తారు. ఆ పూత పూర్తిగా ఆరాలి, దాని మీద ఇంకోటి, మళ్లీ ఇంకోటి. ఆ తర్వాతే ఉడుత వెంట్రుకల కుంచెతో గీత. బొమ్మల వెనకంతా ఎరుపే. పాత పటాల్లో ముప్పై, నలభై అడుగుల పొడవైనవీ ఉన్నాయి.

సినిమా, టీవీ వచ్చాయి. కథ చెప్పేవాళ్లు పలచబడ్డారు, పటం అడిగేవాళ్లు తగ్గారు. అప్పుడు నకాషీలు పొడుగాటి పటాన్ని గోడకు తగిలించే చిన్న ఫ్రేములోకి కుదించారు. కొబ్బరి చిప్పల మీద ముఖాలు, చెక్క బొమ్మలు చేశారు. ధనాలకోట వారి వంటి కుటుంబాలు విద్యను నిలబెట్టాయి, చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. గీత మారలేదు, ఎరుపు మారలేదు. కొనేవారు మాత్రం మారారు. కథే వినని పట్నం మనిషికి ఆ బొమ్మలో ఎవరెవరున్నారో కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

నకాషీలలాగే గిరాకీనే నమ్ముకున్న ఈ కాలపు పనివాళ్లను చూడాలంటే తిరుమలగిరి లాంటి ఏ ఊరి చౌరస్తాకైనా రండి. ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ ముందున్న పిల్లాడి ఫోన్ మోగుతూనే ఉంటుంది. "అన్నా, పేరు ఇంకా పెద్దగ రావాలె." "అన్నా, మా బామ్మర్ది ఫొటో మర్సినవ్." ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్కన ధర. ఆ డిజైన్ కోసం రాత్రంతా మేలుకున్న కళ్లకు చాలాచోట్ల ధరే లేదు. ఇది అన్యాయం.

దీనికి మందు, మాట ముందే రాసుకోవడం. డిజైన్‌కు ఎంత, ఎప్పటికి ఇస్తారు, ఎన్నిసార్లు మారుస్తారు? ఈ మూడు ముక్కలు వాట్సాప్‌లో ముందే పెడితే సగం గొడవ ఉండదు. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఇంకొకటి రాసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు ఆ డబ్బిచ్చినవారే. తమ పనిని రేపు ఇంకో గిరాకీకి చూపించుకోవాలంటే ఆ మాట ముందే ఒప్పించుకోవాలి.

బాకీల సంగతికొస్తే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. మించితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అందుకు ముందుగా ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదై ఉండాలి. ఆ నమోదుకు పైసా ఖర్చు లేదు.