హైబ్రిడ్ కారులో బ్యాటరీ వార్నింగ్ వచ్చిందా? లక్షలు ఖర్చు పెట్టే ముందు ఈ చిన్న ఫ్యాన్‌ను చెక్ చేయించండి!

మండు వేసవి.. ఫ్యామిలీ అంతా కారులో ఊరికి బయల్దేరారు. సగం దారిలో డ్యాష్‌బోర్డ్ మీద హైబ్రిడ్ సిస్టమ్ వార్నింగ్ వెలిగింది. గ్యారేజీకి తీసుకెళ్తే "బ్యాటరీ పోయింది సార్.. మార్చాల్సిందే" అన్నారు. గుండె గుభేల్‌మంటుంది కదా! కానీ కాస్త ఆగండి. తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. దాన్ని చల్లబరిచే ఫ్యాన్‌దో, ఆ ఫ్యాన్‌కు కరెంట్ ఇచ్చే వైర్‌దో కావచ్చు.

ఆ ఫ్యాన్ పనేంటి?

బ్రేక్ వేస్తే హైబ్రిడ్ బ్యాటరీ ఛార్జ్ అవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ ఛార్జ్ ఖర్చవుతుంది. రెండు సార్లూ వేడి పుడుతుంది. టయోటా ప్రియస్ లాంటి చాలా హైబ్రిడ్‌లలో కారు లోపలి గాలినే ఒక ఫ్యాన్ లాక్కుని బ్యాటరీ మీదుగా పంపిస్తుంది. అంటే మీకు చల్లగా ఉంటేనే బ్యాటరీకీ చల్లగా ఉంటుందన్నమాట. ఫ్యాన్ ఆగితే బ్యాటరీ వేడెక్కుతుంది. అప్పుడు కారు కంప్యూటర్ బ్యాటరీ వాడకాన్ని తగ్గించేసి ఇంజిన్‌ను ఎక్కువగా నడిపిస్తుంది. మైలేజ్ పడిపోతుంది. అలాగే వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు నిజంగానే తగ్గిపోతుంది.

మీరే చూసుకోగలిగేది ఇదొక్కటే

గాలి లోపలికి వెళ్లే జాలీ కొన్ని కార్లలో వెనక సీటు పక్కన, కొన్నింటిలో సీటు కింద ఉంటుంది. మీ కారులో ఎక్కడుందో ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. సీటు కవర్, టవల్, బ్యాగులు దానికి అడ్డంగా ఉంటే తీసేయండి. దుమ్ము, వెంట్రుకలు పట్టి ఉంటే కారు ఆఫ్ చేసి వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి. నీళ్లు మాత్రం అస్సలు పోయొద్దు.

కరెంట్ లోపం ఎక్కడుంది?

ఇక్కడి నుంచి హైబ్రిడ్ ట్రైనింగ్ ఉన్న మెకానిక్ పని. ముందు స్కానర్ పెట్టి కోడ్ చూడాలి. పీ0ఏ81 వస్తే ఫ్యాన్‌ను కంట్రోల్ చేసే సర్క్యూట్‌లో లోపం. పీ0ఏ82 వస్తే ఫ్యాన్ తిరగాల్సినట్టు తిరగడం లేదని అర్థం. ఈ రెండూ బ్యాటరీ చచ్చిపోయిందని చెప్పే కోడ్‌లు కావు!

తర్వాత స్కానర్ నుంచే ఫ్యాన్‌ను తిప్పి చూడాలి. దీన్ని యాక్టివ్ టెస్ట్ అంటారు. ఫ్యాన్ బాగా తిరిగితే గాలి దారిలో అడ్డు ఉందేమో వెతకాలి. తిరగకపోతే వరుసగా ఇవి చూడాలి..

* ఫ్యూజ్: కాలిపోతే అదే యాంపియర్‌ది వేయాలి. మళ్లీ కాలిందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. పెద్ద ఫ్యూజ్ వేస్తే వైరింగ్ తగలబడే ప్రమాదం ఉంది.
* రిలే: పని చేస్తోందా, లేదా?
* కనెక్టర్లు, ఎర్త్: తడి చేరితే పిన్నులు తుప్పు పడతాయి. అప్పుడు మీటర్‌లో 12 వోల్టులు కనిపించినా, లోడ్ పడగానే వోల్టేజ్ పడిపోతుంది. అందుకే ఫ్యాన్ తిరగాల్సిన సమయంలోనే కొలవాలి.
* వైర్లు: ఎలుకలు కొరికాయేమో చూడాలి.
* చివరగా ఫ్యాన్ మోటార్: పై ఫ్యూజ్, వైర్లు అన్నీ బాగుంటేనే దీన్ని మార్చాలి.

ఆరెంజ్ వైర్ జోలికి వెళ్లొద్దు

ఈ కార్లలో ఫ్యాన్ మామూలుగా 12 వోల్టులతోనే నడుస్తుంది. కానీ దాని పక్కనే ఉన్న పెద్ద బ్యాటరీ అలా కాదు. ఉదాహరణకు రెండు, మూడు తరాల ప్రియస్‌లో అది 201.6 వోల్టులు. ప్రాణం తీసే కరెంట్! ఆరెంజ్ రంగు కేబుల్స్ కనిపిస్తే చేయి పెట్టొద్దు. యూట్యూబ్ చూసి బ్యాటరీ కవర్ విప్పొద్దు.

దారిలో వార్నింగ్ వస్తే?

కారును పక్కకు తీసి ఆపండి. వెంటనే నడపొద్దని స్క్రీన్ మీద వస్తే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. నడపొచ్చంటే జాలీకి అడ్డం తీసి, ఏసీ వేసి, మెల్లగా సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. పొగ గానీ, కాలిన వాసన గానీ వస్తే అందరూ దిగి దూరంగా వెళ్లి 101కి కాల్ చేయండి.

గ్యారేజీలో ఈ మూడు అడగండి

ఏ కోడ్ వచ్చింది? యాక్టివ్ టెస్ట్‌లో ఫ్యాన్ తిరిగిందా? ఫ్యూజ్, కనెక్టర్లు చూశారా? వీటికి సమాధానం లేకుండా బ్యాటరీ మార్చడానికి ఒప్పుకోవద్దు. వారంటీ పేపర్లు కూడా ఓసారి తీసి చూడండి. మన దేశంలో టయోటా తన హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తోంది. జాలీ శుభ్రం చేయడానికి పట్టేది పది నిమిషాలే.. ఈ వేసవిలో ఆ పని ఈ ఆదివారమే చేసేయండి!