పంచాయతీపై వ్యాజ్యము – దస్తావేజులను రాబట్టు విధము

పంచాయతీవారి మురుగుకాలువ తన గట్టు లోపలినుండి త్రవ్వబడినప్పుడును, బాట వెడల్పు పేరిట చేనిలో కొంత భాగము కలిసిపోయినప్పుడును రయితు సివిలు కోర్టు నాశ్రయించుట కలదు. అతనిచేత నుండునవి పట్టాదారు పాసుపుస్తకమును, పాత రసీదులును మాత్రమే. పని మంజూరు చేసిన తీర్మానము, అంచనా పట్టిక, కొలతల పుస్తకము, కంట్రాక్టరునకు సొమ్ము చెల్లించిన వోచరు మున్నగునవి యన్నియు ప్రతివాదియగు పంచాయతీవారి బీరువాలోనే యుండును. సాక్ష్యమంతయు ఎదుటి పక్షమువారి చేత నుండగా వ్యాజ్యము గెలుచుట యెట్లు? 1908 సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులోని 11వ ఆర్డరు దీనికి మార్గము చూపుచున్నది. ఆ మార్గమును సంఘసభ్యు లెల్లరు నెఱిగియుండుట మంచిది.

దావాకు ముందు చేయదగిన పని యొకటి కలదు. 2005 సంవత్సరపు సమాచారహక్కు చట్టము ననుసరించి కావలసిన కాగితముల నకళ్లకై దరఖాస్తు పెట్టవలెను. సాధారణముగా 30 దినములలో జవాబు రావలెను. రానిచో పై యధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ఇట్లు దొరకిన నకళ్లవలన ఏ పుస్తకములో నేమి యున్నదో తెలియును. దావా వేయునప్పుడు తనవద్ద నున్న ఆధారముల నన్నిటిని దానితో దాఖలు చేసి, తనవద్ద లేనివి ఎవరి స్వాధీనమున నున్నవో సాధ్యమైనంతవరకు దావాలోనే వ్రాయవలెను.

పంచాయతీవారు తమ జవాబు దావాలో ఫలాని తీర్మానము ప్రకారము పని చేసితిమని వ్రాసినచో, ఆ తీర్మానమును చూపుడని 15వ రూలు క్రింద నోటీసు ఇయ్యవచ్చును. నోటీసు అందిన 10 దినములలో వారు బదులు నోటీసు ఇచ్చి, అది చేరిన 3 దినములలోపల తమ ప్లీడరు కచేరిలో చూచుటకు వేళ నిర్ణయింపవలెను. తగిన కారణము లేక చూపనిచో, ఆ దస్తావేజును పిమ్మట తమకు సాక్ష్యముగా వాడుకొనుట వారికి సాధ్యము కాదు.

జవాబు దావాలో పేర్కొనబడని కాగితములకై 12వ రూలు క్రింద కోర్టువారికి పిటిషను పెట్టవలెను. కోర్టు ఉత్తరువైనచో, పంచాయతీవారు వ్యాజ్యవిషయమునకు సంబంధించిన తమ దస్తావేజుల నన్నిటిని పట్టికగా వ్రాసి ప్రమాణపూర్వకముగా అఫిడవిట్టు దాఖలు చేయవలెను. అటుపిమ్మట 14వ రూలు ననుసరించి వానిని హాజరుపరుపుమని కోర్టువా రాజ్ఞాపింపవచ్చును.

తగవు లిచ్చటనే పుట్టును. సాధారణముగా వచ్చు ఆక్షేపణలు మూడు.

మొదటిది, అడిగినది మితిమీరినదనుట. పది సంవత్సరముల పంచాయతీ పుస్తకములన్నియు తెమ్మనుట గుడ్డి యెద్దు జొన్నచేలో పడినట్లుండును. కోర్టువారు దానిని త్రోసివేయుదురు. ఫలాని సర్వే నంబరు ప్రక్కనున్న కాలువకు సంబంధించిన తీర్మానము, అంచనా, కొలతలు, చెల్లింపు వోచరు అని పేరు పేరున అడిగినచో ఆ యాక్షేపణకు చోటుండదు.

రెండవది, అవి రహస్యములనుట. ప్లీడరునకును కక్షిదారునకును నడచిన ఉత్తరములకు రక్షణ కలదు. రాజ్యవ్యవహార రహస్యములకును కలదు. కాని పంచాయతీ సభలో చేసిన తీర్మానము అట్టిది కానేరదు. దస్తావేజు రహస్యమా కాదా యని నిర్ణయించుట తుదకు కోర్టువారి పనియని 1975లో సుప్రీముకోర్టు రాజనారాయణుని వ్యాజ్యమున తీర్పు చెప్పినది. 19వ రూలు ప్రకారము కోర్టువారు ఆ కాగితమును తామే చూచి తేల్చవచ్చును.

మూడవది, కాగితములు కనబడుట లేదనుట. చెదలు తినెననియు, వానకు తడిసెననియు చెప్పుట. ఆ మాట నోటితో చెప్పినచో చాలదు. అవి కడపట ఎప్పుడు తమ స్వాధీనమున నుండెనో, పిమ్మట ఏమయ్యెనో, ఇప్పు డెవరివద్ద నున్నవో అఫిడవిట్టులో వ్రాయవలెను. అసలు నిజముగా నశించినచో నకళ్లు మొదలగు ఇతరసాక్ష్యముతో రుజువు చేయుటకు వాదికి దారి యేర్పడును. ముందుగా సంపాదించిన నకలు విలువ అప్పుడు తెలియును.

కోర్టు ఉత్తరువును లెక్కచేయనిచో 21వ రూలు ప్రకారము ప్రతివాది వాదనను కొట్టివేయవచ్చును. అయితే బుద్ధిపూర్వకమైన మొండితనము కనబడినప్పుడే యిట్టి కఠినశిక్ష తగునని సుప్రీముకోర్టు 1978లో చెప్పినది. కనుక ఒక్క వాయిదా తప్పినంతనే గెలిచితిమని రయితు సంతోషింపరాదు. అయినను, ముఖ్యమైన సాక్ష్యము నొకపక్షమువారు దాచినచో అది వారికి ప్రతికూలముగా నుండెనని ఊహింపవచ్చునని 1968లోనే ఆ న్యాయస్థానము తీర్మానించినది.

ఈ కత్తికి రెండువైపుల పదునే. వాది తన పాత క్రయపత్రమునో, పొలము కొలిచిన నక్షానో దాచి కోర్టు ఉత్తరువును మీఱినచో అతని దావాయే కొట్టివేయబడవచ్చును. అదే కారణముపై మరల దావా వేయుటకు వీలుండదు. భూమి పోవుటయేకాక, హక్కు నడుగు దారియు మూసికొనిపోవును.

కావున ప్రతి సభ్యుడును రసీదులను, నోటీసులను, దరఖాస్తు నకళ్లను తేదీల వరుసను కట్టగట్టి దాచవలెను. పంచాయతీతో పేచీ పుట్టినంతనే కావలసిన కాగితముల పట్టిక వ్రాసికొని ప్లీడరునకు చూపవలెను. సాక్షుల విచారణ మొదలైన పిమ్మట అడిగినచో ఆలస్యమైనదను ఆక్షేపణకు తావగును. గ్రామపు లెక్కలు గ్రామస్థులవి. వానిని చూపుమని చట్టప్రకారము అడుగుట పగ కాదు, పౌరుని హక్కు. అదనెఱిగి విత్తువాడే పంట కోయునన్నమాట ఇందును నిజము.