యజమానే తాళం వేస్తానంటే సమ్మె ఎవరి మీద? హానెమన్ ఆసుపత్రి చెప్పే లెక్కలు

ఉద్యోగ సంఘం చేతిలో ఉన్న పెద్ద ఆయుధం సమ్మె. పని ఆగితే నష్టం కాబట్టి యజమాని దిగొస్తాడు. మూసేద్దామనుకున్న యజమానికి ఆ భయం ఉండదు. 2019లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో హానెమన్ యూనివర్సిటీ హాస్పిటల్ నర్సులకు వచ్చిన చిక్కు ఇదే.

17 కోట్ల డాలర్లు
2018 మొదట్లో జోయెల్ ఫ్రీడ్‌మన్ అనే ఇన్వెస్టర్ కంపెనీ హానెమన్‌ను, సెయింట్ క్రిస్టఫర్స్ పిల్లల ఆసుపత్రిని కలిపి టెనెట్ హెల్త్‌కేర్ దగ్గర కొన్న ధర. ఊరి నడిబొడ్డున ఉన్న హానెమన్ స్థలాన్ని, భవనాలను మాత్రం వేరే కంపెనీల పేరున ఉంచారు. ఏడాదిన్నర తిరక్కముందే, 2019 జూన్ 26న, మూసివేత ప్రకటన వచ్చింది. వారంలోపే దివాలా పిటిషన్ పడింది. దివాలా తీసింది ఆసుపత్రి. స్థలం ఆ కేసులోకి రాలేదు.

496 పడకలు
హానెమన్ సామర్థ్యం ఇది. నెలకు 30 నుంచి 50 లక్షల డాలర్ల నష్టమన్నది యాజమాన్యం మాట. ఆ నష్టానికి కారణం లేకపోలేదు. ఇక్కడి రోగుల్లో ఎక్కువమంది పేదలు, వృద్ధులు. వాళ్ళకి ప్రభుత్వ బీమా పథకాలు చెల్లించేది ప్రైవేటు బీమా కన్నా తక్కువ.

800 మంది నర్సులు
మొత్తం సిబ్బంది సుమారు 2,500. వాళ్ళలో 800 మంది నర్సులు ‘పాస్నాప్’ సంఘం సభ్యులు. సమ్మెతో పని జరగదు గనక సంఘం రాష్ట్ర ప్రభుత్వం మీద ఒత్తిడి పెట్టింది, వీధికెక్కింది. జులై 15న ఆసుపత్రి ముందు జరిగిన సభకు సెనేటర్ బెర్నీ శాండర్స్ వచ్చారు. యజమాని కన్ను రోగుల మీద లేదు, స్థలం మీదే ఉందన్నది నర్సుల ప్రధాన ఆరోపణ.

90 రోజులు, 72 రోజులు
ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్ర నిబంధన ప్రకారం మూసివేతకు 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రకటించిన రోజు నుంచి యాజమాన్యం పెట్టుకున్న సెప్టెంబర్ 6 గడువుకు ఉన్నది 72 రోజులే. అనుమతి లేకుండా సేవలు ఆపొద్దని రాష్ట్ర ఆరోగ్య శాఖ ఆదేశించింది. అయినా భారీ ప్రమాదాల కేసులు తీసుకోవడం కొద్దిరోజుల్లోనే ఆగింది. ఆగస్టు మధ్యకల్లా ఎమర్జెన్సీ మూతపడింది. ఆసుపత్రి మూతపడేది ఇలాగే: ముందు అంబులెన్సులు దారి మళ్ళుతాయి, డాక్టర్లు వేరేచోట చేరతారు, వార్డులు ఖాళీ అవుతాయి. తాళం పడేది ఆఖర్న.

5.5 కోట్ల డాలర్లు
శిక్షణలో ఉన్న 550 మందికి పైగా రెసిడెంట్ డాక్టర్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వాళ్ళలో జె-1 వీసా మీద వచ్చిన విదేశీ డాక్టర్లకు సీటుతోపాటు దేశంలో ఉండే హక్కూ ప్రమాదంలో పడింది. ఆ రెసిడెన్సీ సీట్లకు దివాలా కోర్టులో వేలం పెడితే ఆరు ఆసుపత్రుల బృందం ఈ మొత్తానికి పాడింది. అంటే సీటుకు సుమారు లక్ష డాలర్లు. అవి అమ్ముకునే ఆస్తి కావని ఫెడరల్ ప్రభుత్వం అడ్డుపడింది.

దాదాపు 10 లక్షల డాలర్లు
2020 మార్చిలో, కోవిడ్ వేళ, ఖాళీ భవనాన్ని వాడుకుంటామని నగరం అడిగితే యజమాని వైపు నుంచి వినిపించిన నెల అద్దె ఇది. నగరం వద్దనుకుని టెంపుల్ యూనివర్సిటీ ఇండోర్ స్టేడియంలో పడకలు వేసింది.

నర్సులు ఆసుపత్రిని నిలబెట్టుకోలేకపోయారు. మూసివేత నోటీసు చేతికందాక సంఘానికి మిగిలేది గడువు కోసం పోరాటమే. ఆసుపత్రి చేతులు మారుతున్న రోజునే సంఘం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: స్థలం ఎవరి పేరున రాస్తున్నారు?